గుట్ట ఎక్కని బగ్గీ: పాత మారుతి 800 ఇంజన్, 25 వేల బడ్జెట్

“అన్నా, ఎస్టీమ్ కారు ఇంజన్ ఒకటి చూసి పెట్టు, ఇది లాగతానే లేదు.” బండి ఇంకా టాటా ఏస్ మీంచి కిందికి దిగనేలేదు, బేరం మాత్రం మొదలైపోయింది.

మాది తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు చిన్న షెడ్డు. నేనూ, ఒక కుర్రోడూ, ఒక వెల్డింగ్ మిషనూ. రోజూ వచ్చేవి ఆటోలు, ఓమ్నీలు, కొండ దిగేటప్పుడు బ్రేకులు కాల్చుకుని వచ్చే టాక్సీలు. బగ్గీలు, అంటే ఇనుప పైపులతో కట్టిన టాపు లేని బండ్లు, ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, అవీ ఎక్కువగా ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలవి. ఈ బగ్గీ మాత్రం చంద్రగిరికీ పాకాలకీ మధ్య మామిడితోట ఉన్న ఒక తమ్ముడిది. తోటలో నాలుగు గదులు కట్టి శని ఆదివారాలు వచ్చేవాళ్ళకు ఇస్తాడు, వాళ్ళని బగ్గీలో ఎక్కించి వెనకున్న గుట్ట మీదికి తిప్పుతాడు. తిప్పాలని ఆశ, అంతే. గుట్ట కింద ఒక వంక ఉంది, ఎండాకాలమంతా ఇసుకే. అది దాటాక ఎర్రమట్టి, కంకర రాళ్ళు కలిసిన ఎత్తు. ఒక్కడే కూర్చుంటే కిందా మీదా పడి ఎక్కుతుంది, పక్కన ఇంకొకరు కూర్చుంటే సగంలో నిలబడి క్లచ్ వాసన కొడుతుంది.

బండి వివరం ముందు చెప్పేస్తా. కార్బ్యురేటర్ (గాలినీ పెట్రోల్‌నీ కలిపే భాగం) కాలం మారుతి 800 ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ సెట్టుగా ఎత్తి వెనక పెట్టారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 72, కంప్రెషన్ 8.7, అంటే లోపలికొచ్చిన గాలిని అన్ని రెట్లు నొక్కుతుంది. కొత్తలో 37 హార్స్‌పవర్ ప్రాంతం ఇచ్చే ఇంజన్. ఛాసిస్ మందపాటి నీళ్ళ పైపుతో వెల్డింగ్ చేసింది. టైర్లు జిప్సీ సైజు, 205/70 ఆర్15, అడాప్టర్ ప్లేట్లు గ్యాస్ కటింగ్‌తో కోసి బిగించినవి. ఎవరు కట్టారో గానీ వెల్డింగ్ మాత్రం చక్కగా ఉంది, దానికి వంక పెట్టను.

ఇక ఎస్టీమ్ ఇంజన్ సంగతి. 1298 సీసీ, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే రకం) అయితే 85 హార్స్‌పవర్, వింటానికి బాగానే ఉంటుంది. కానీ ఇంజన్, గేర్‌బాక్స్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), వైరింగు, పెట్రోల్ పంపు, కొత్త మౌంటింగులు, యాక్సిల్ షాఫ్టులు కోసి కలపడం... నా లెక్కలో యాభై వేలు దాటుతుంది, అదీ నేను ఏమీ తప్పు చేయకపోతే. తమ్ముడి దగ్గర ఉన్నది 25 వేలు. “ముందు ఈ ఇంజన్లో ఉన్న గుర్రాలు ఎక్కడికి పోయినాయో వెతుకుదాం సామీ, అప్పటికీ చాలకపోతే అప్పుడు చూద్దాం” అన్నా. మొహం మాడ్చుకున్నాడు గానీ సరే అన్నాడు.

ఈ పద్ధతి నాకు అబ్బింది కాలేజీ పిల్లల వల్లే. బాజా అని కాలేజీ పిల్లలు తాము కట్టిన బగ్గీలతో పోటీపడేది ఒకటి ఉంది, ఆ పోటీకి పోయేవాళ్ళకు చాలా ఏళ్ళు అందరికీ ఒకే 305 సీసీ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్ ఉండేది, పది హార్స్‌పవర్, దాని మీద చెయ్యి వేయకూడదు. మరి ఒక బండి ముందు, ఒక బండి వెనక ఎందుకు వస్తాయి? బరువు, గేరింగు, ఎక్కడో రాసుకుపోయే చక్రం. వాళ్ళ బండ్లకు వెల్డింగ్ చేస్తూ చేస్తూ నాకు అర్థమైంది, ఇంజన్ చేసే పవర్ వేరు, నేలకు దిగే పవర్ వేరు అని.

ముందు కొలత. డైనో, అంటే పవర్ కొలిచే మిషను, మన దగ్గర ఎక్కడుంది, ఉన్నా దానికి పెట్టే డబ్బుతో సగం పని అయిపోతుంది. ఊరి బయట ఒక వెంచర్ ఉంది, ప్లాట్లు అమ్ముడుపోక సిమెంటు రోడ్లు ఖాళీగా పడున్నాయి, వాచ్‌మన్ మనవాడే. రిజిస్ట్రేషన్ లేని బండి కాబట్టి మామూలు రోడ్డు మీదికి తేలేదు, తోటకైనా వెంచర్‌కైనా ఏస్ మీదే పోవాలి. ఫోన్‌లో జీపీఎస్ స్పీడు పెట్టి వీడియో తీశాం. సెకండ్ గేరులో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, 20 నుంచి 50 కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. పోతూ మూడుసార్లు, వస్తూ మూడుసార్లు, సగటు. ప్రతిసారీ డ్రైవర్ నేనే, 70 కిలోలు, టైర్లలో గాలి అంతే. మొదటి సగటు 9.4 సెకన్లు.

వే బ్రిడ్జి మీద బండి 720 కిలోలు తూగింది. నేను రెండోసారి తూకం వేయించా, నమ్మకం కుదరక. డోర్లు, అద్దాలు, రూఫు, వెనక సీటు, డిక్కీ అన్నీ ఉన్న మారుతి 800 కారే దాదాపు 650 కిలోలు. ఇది వట్టి పైపుల బండి!

లెక్క ఇట్లా: నాతో కలిపి 790 కిలోలు. 20 నుంచి 50కి చేరడానికి కావలసిన శక్తి సుమారు 64 వేల జౌళ్ళు. దాన్ని 9.4తో భాగిస్తే 6,800 వాట్లు, అంటే 9 హార్స్‌పవర్. సెకండ్ గేరంతా కలిపి సగటు కాబట్టి 37 రాదు, చక్రాలు తిప్పడానికీ గాలిని తోయడానికీ పోయేది ఇందులో లెక్కకు రాదు, అది నాకు తెలుసు. అయినా తొమ్మిది మరీ అన్యాయం. ఈ అంకె నిజమైన హార్స్‌పవర్ కాదు, కానీ పని చేయకముందు, చేశాక పోల్చుకోవడానికి ఇంతకంటే చవకైన కొలబద్ద నాకు దొరకలేదు.

మొదటి తప్పు దొరకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి, కుర్రోణ్ణి సీట్లో కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కమన్నా. కార్బ్యురేటర్ నోట్లోకి టార్చి వేసి చూస్తే బటర్‌ఫ్లై (గాలిని వదిలే తలుపు రేకు) ఏటవాలుగా నిలబడి ఉంది. “ఇంకా తొక్కరా” అంటే “కాలు షీటుకి తగిలిందన్నా” అన్నాడు. నేను వేలితో లివర్ నెట్టితే ఇంకా పావు వంతు తిరిగింది. అంటే ఇన్నాళ్ళూ ఈ బండి ముప్పావు థ్రాటిల్ మీదే గుట్ట ఎక్కుతోంది. ముందున్న పెడల్ నుంచి వెనకున్న ఇంజన్‌కి పోయే పొడుగాటి కేబుల్, మధ్యలో రెండు చోట్ల క్లాంపు లేదు, తొక్కినప్పుడల్లా కేబుల్ ఔటరు విల్లులా వంగి ఆ లాగుడంతా తినేస్తోంది. కొత్త కేబుల్, మూడు క్లాంపులు, పెడల్ దగ్గర లివర్‌కి ఇంకాస్త పైన కొత్త రంధ్రం. 280 రూపాయలు. తమ్ముడు పక్కనే నిలబడి చూశాడు, ఎస్టీమ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండోది బ్రేకు. బండి జాకీ మీద ఎత్తి న్యూట్రల్లో వెనక చక్రం చేత్తో తిప్పితే అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. డ్రమ్ము విప్పితే లోపల ఇసుక, తుప్పు, స్ప్రింగు ఒకటి విరిగి ఉంది. శుభ్రం చేసి, షూలు మార్చి, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ సడలించాం. 650.

తర్వాత కంప్రెషన్, ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతుందో గేజి పెట్టి చూడటం. ఇంజన్ వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పెట్టి సెల్ఫ్ కొట్టాలి. థ్రాటిల్ మూసి పెట్టి కొడితే గాలి లోపలికి రాక గేజి తక్కువ చూపిస్తుంది, మంచి ఇంజన్ కూడా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. ఒకటో సిలిండర్ 148 పీఎస్ఐ, మూడోది 142, రెండోది 104. రెండోదానిలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టా. రింగులు అరిగి ఉంటే ఆయిలు ఆ సందు మూసి ముల్లు బాగా పైకి లేవాలి. 110 దగ్గర ఆగింది. అంటే తప్పు కింద కాదు, పైన వాల్వు దగ్గర. నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే రింగులూ బోరూ అంటే ఇంజన్ కిందికి దించాలి, బడ్జెట్ అక్కడే అయిపోయేది.

హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) విప్పకముందు కరెంటు సంగతి చూడాలి, లేకపోతే దేని వల్ల ఎంత బాగుపడిందో తెలీదు. స్పార్కు ఎప్పుడు పడుతుందో చూపే టైమింగ్ లైటు పెట్టి చూస్తే ఐడిల్లో మార్కు సుమారుగా సరైన చోటే ఉంది. రేజ్ చేశా. మార్కు కదల్లేదు. ఇంకా రేజ్ చేశా, బెల్లం కొట్టిన రాయిలా అక్కడే ఉంది. ఆర్‌పీఎం పెరిగే కొద్దీ స్పార్కు ముందుకు జరగాలి, మార్కు లైటు కింద పక్కకు నడుచుకుంటూ పోవాలి. డిస్ట్రిబ్యూటర్ విప్పితే అడుగున ఉండే రెండు చిన్న బరువులు, స్పీడు పెరిగితే బయటికి విచ్చుకోవాల్సినవి, తుప్పు పట్టి బిగుసుకుపోయున్నాయి. గుట్ట కింద వంక దాటేటప్పుడు ఎన్నిసార్లు నీళ్ళు తాగిందో. డీజిల్లో రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్న ఎమెరీ పేపరుతో తుడిచి, చుక్క ఆయిల్ వేస్తే కదిలాయి. స్ప్రింగులు మాత్రం సాగిపోయున్నాయి. వాటి కోసం ఇక్కడ రెండు రోజులు తిరిగా, “ఇంకా ఆ బండ్లెక్కడున్నాయన్నా” అని నవ్వారు తప్ప దొరకలేదు. చివరికి పుత్తూరు మీదుగా పోయే బస్సెక్కి మద్రాసు పుదుప్పేటకు పోతే, ఒక కొట్లో గోనెసంచి నిండా పాత డిస్ట్రిబ్యూటర్లు కుమ్మరించి ఏరుకోమన్నారు. స్ప్రింగులు, క్యాపు, రోటర్ కలిపి 550. బస్సు ఛార్జీ బిల్లులో వేయలేదు.

వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్చే లాగుడుతో స్పార్కుని ముందుకు జరిపేది) పైపు కూడా చిరిగి ఉంది, నలభై రూపాయల ముక్క. చాలామంది అది మార్చగానే గుట్ట ఎక్కేస్తుందనుకుంటారు. పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డులో వ్యాక్యూమ్ దాదాపు ఉండదు, కాబట్టి ఫుల్ థ్రాటిల్‌లో దానికి పనిలేదు. సగం తొక్కి నడిపేటప్పుడు పికప్, మైలేజీ బాగుపడతాయి, అంతవరకే. ప్లగ్గులు 330, ప్లగ్ వైర్లు 400.

గాలి. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా రేడియేటర్ వదిలే వేడిగాలి ముందు ఉంది. థర్మామీటర్ పెట్టి చూస్తే బయట 38 డిగ్రీలు, ఫిల్టర్ నోటి దగ్గర 68. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఈ 30 డిగ్రీల తేడాకి తొమ్మిది శాతం దాకా గాలి తగ్గిపోతుంది. ఎండాకాలం మన ఊళ్ళో అసలే కష్టం, మళ్ళీ దానికి కుంపటి ముందు కూర్చోబెట్టి ఊపిరి పీల్చుకోమంటే ఎట్లా? పీవీసీ పైపు, రబ్బరు బెండు వేసి ఫిల్టర్‌ని రోల్ కేజ్ (మనుషుల చుట్టూ ఉండే పైపుల పంజరం) పై కమ్మీ దగ్గరికి ఎత్తాం, దుమ్ము కూడా అక్కడ తక్కువ. పైన ఫోమ్ తొడుగు. అన్నీ కలిపి 650. ఫిల్టర్ పీకేస్తే పికప్ వస్తుందని చెప్పే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. మన ఎర్రమట్టి దుమ్ములో ఫిల్టర్ లేకుండా ఒక సీజన్ తిప్పితే రింగులు నున్నగా అరిగిపోతాయి, తర్వాత ఆ మెకానిక్కు దగ్గరికే రీబోరుకి పోవాలి.

కార్బ్యురేటర్ కథ ఇప్పుడు మారిపోయింది, ఇది చాలామంది గమనించడం లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోల్, ఇరవై శాతం ఇథనాల్. వట్టి పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. కలిపితే 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే గాలికి దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. కొత్త బండ్లలో ఈసీయూ చూసుకుంటుంది, ఈ పాత కార్బ్యురేటర్‌కి ఏం తెలుసు? దాని జెట్టు, పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, పాత పెట్రోల్ కోసం చేసింది. ప్లగ్గులు తీసి చూస్తే మూడూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, లీన్‌గా మండుతోందని, అంటే గాలికి తగ్గ పెట్రోల్ పోవడం లేదని అర్థం. మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేశా, రిపేరు కిట్టుతో కలిపి 1,050. పాత రబ్బరు పైపులన్నీ మార్చేయండి, ఇథనాల్‌కి అవి ఉబ్బుతాయి, పగులుతాయి. జెట్టుని సూదితోనో డ్రిల్లుతోనో పెద్దది చేయకండి, రంధ్రం గుండ్రంగా ఉండదు, తర్వాత ఎన్ని తిప్పలు పడినా సెట్టింగు కుదరదు. చిన్నప్పుడు మా గురువు షెడ్డులో నేనే చేసి తిట్లు తిన్నా.

ఇక్కడిదాకా 3,950 రూపాయలు. వెంచర్‌కి పోయి మళ్ళీ ఆరుసార్లు పరుగు. 7.9 సెకన్లు.

ఇక హెడ్డు. విప్పగానే రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచున చిన్న గంటు, ఎలుక కొరికినట్టు. ఆ పక్కనే సీటు నల్లగా కాలి ఉంది. కొన్ని నెలలుగా లీన్‌గా మండి, టాపెట్ (వాల్వుని తోసే చోట ఉండాల్సిన సందు) టైటుగా ఉండి, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోయింది. మూడో సిలిండర్‌ది కూడా పిట్టింగు వచ్చి ఉంది, రెండూ మార్చాం. సీటు కటింగు లేత్ షాపులో, లాపింగు (వాల్వుని సీటుకి రుద్ది సరిగ్గా కూర్చోబెట్టడం) నేనే పేస్టు పెట్టి చేత్తో. అయ్యాక పోర్టులో పెట్రోల్ పోసి పది నిమిషాలు వదిలేసి చూడాలి, కింద చెమ్మ రాకూడదు.

ఫేసింగు, అంటే హెడ్డు అడుగు చెక్కి చదును చేసే పని, దగ్గర లేత్ ఆయనతో చిన్న వాదన అయింది. హెడ్డు కొద్దిగా వంగి ఉంది, స్కేలు పెడితే కింద 0.10 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు దూరుతోంది. 0.2 తీస్తే సరిపోతుంది. ఆయనేమో “ఒక మిల్లీమీటరు లేపేద్దాం అన్నా, కంప్రెషన్ పెరిగి బండి ఎగిరి దూకుతుంది” అంటాడు. మన వైపు పవర్ అనగానే అందరి నోటా ముందు వచ్చే మాట ఇదే కాబట్టి కాగితం మీద లెక్క వేసి చూపించా. ఒక్కో సిలిండర్ 265 సీసీ. కంప్రెషన్ 8.7 అంటే పైన మిగిలే జాగా 34.5 సీసీ. అర మిల్లీమీటరు తీస్తే ఛాంబర్లో ఒకటిన్నర సీసీ తగ్గుతుందనుకుందాం, కంప్రెషన్ 9.0 అవుతుంది. ఫిజిక్స్ పుస్తకం లెక్క ప్రకారం దానివల్ల ఇంజన్ సామర్థ్యంలో వచ్చే లాభం ఒక శాతం పైచిలుకు. మొత్తం మిల్లీమీటరు లేపేసినా రెండున్నర శాతం దాటదు. 37లో ఒక గుర్రం కూడా రాదు. దానికోసం హెడ్డు పలచన చేసుకుని, వాల్వు పిస్టన్‌కి ఎంత దగ్గరగా వస్తుందో అని భయపడి, హెడ్డు కిందికి దిగినందుకు టైమింగ్ బెల్టు లెక్క కాస్త వెనక్కి జరిగితే అదొకటి సర్దుకుని, పైగా ఎండలో నాకింగు (లోపల పెట్రోల్ అదుపు తప్పి పేలడం)... అవసరమా? థ్రాటిల్ కేబుల్ 280 రూపాయలకు ఇంతకంటే ఎన్నో రెట్లు ఇచ్చింది. 0.2 మాత్రమే తీయించా. ఆయన నా మీద కాస్త అలిగాడు.

గ్యాస్కెట్ సెట్టు 1,450, వాల్వులు 500, సీటు కటింగు 900, ఫేసింగు 600, టైమింగ్ బెల్టు 750, ఆయిలు, కూలెంటు 1,650. బెల్టు ఎట్లాగూ విప్పాం కాబట్టి మార్చాల్సిందే. మొత్తం 5,850. బిగించాక కంప్రెషన్ 165, 162, 164.

సైలెన్సర్ పెట్టింది ఎవరో గానీ, బైక్ సైలెన్సర్ ఒకటి తెచ్చి, దానికి చేరడానికి అంగుళం పైపుని నాలుగు చోట్ల మడత పెట్టి వెల్డింగ్ చేశారు. మడత దగ్గర పైపు నలిగి నోరు సగం మూసుకుంది. సౌండు మాత్రం బ్రహ్మాండం. ఇనుప మానిఫోల్డు అట్లాగే ఉంచి, అక్కణ్ణుంచి ఒకటిన్నర అంగుళం పైపు, నలగకుండా వంచిన రెండే బెండ్లతో, లోపల అడ్డాలు లేని రకం సైలెన్సర్ పెట్టాం. 3,800. మూడు పైపుల హెడర్ చేయించమని తమ్ముడు వీడియోలు చూపించాడు గానీ ఆ డబ్బుకి టైర్లు వస్తాయని ఆపేశా. అలాగని రెండున్నర అంగుళాల పైపు కూడా వేయకూడదు, ఇంత చిన్న ఇంజన్‌కి గ్యాసు వేగం పడిపోయి, గుట్ట ఎక్కడానికి కావలసిన చోటే లాగుడు తగ్గుతుంది.

మళ్ళీ వెంచర్. 7.0 సెకన్లు. అదే బరువు, అవే టైర్లు, మొదటి రోజుతో పోలిస్తే నేలకు దిగే పవర్ 34 శాతం పెరిగింది. ఇంజన్‌లో మనం కొత్తగా పెంచింది ఏమీ లేదు, పోయింది తిరిగొచ్చింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆ ఆదివారమే తోటకు తీసుకుపోయాం, మే నెల, 41 డిగ్రీలు. ఉషారులో వెంచర్ నుంచి వచ్చాక టైమింగ్ ఇంకో మూడు డిగ్రీలు ముందుకు జరిపా, ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి ఇద్దరితో గుట్ట ఎక్కింది, తమ్ముడు ఈల వేశాడు. రెండోసారి ఎక్కేటప్పుడు ఇంజన్లో రేకు డబ్బాలో గోళీలు ఆడించినట్టు శబ్దం, నాకింగు. మూడోసారి సగం ఎత్తులో ఉండగానే వెనక నుంచి ఆవిరి. ఆపేసి కూర్చున్నాం. చల్లారాక నీళ్ళు పోసి స్టార్ట్ చేస్తే రేడియేటర్లో బుడగలు, గ్యాస్కెట్ పోయింది. ఏస్ పిలిపించుకుని వెనక్కి.

రాత్రి షెడ్డులో ఫ్యాను ముందు కాగితం ముక్క పట్టుకుంటే అసలు సంగతి తెలిసింది. కాగితం రేడియేటర్ వైపు లాగకుండా నా చేతి వైపు ఎగిరింది. సైలెన్సర్ పని చేసేటప్పుడు ఫ్యాను వైర్లు విప్పి మళ్ళీ కలిపింది నేనే, ప్లస్ మైనస్ తారుమారు చేశా. ఫ్యాను ఉల్టా తిరుగుతూ ఇంజన్ వేడిని తీసుకొచ్చి రేడియేటర్‌కే కొడుతోంది. వెంచర్లో పరుగు పది సెకన్లే కాబట్టి బయటపడలేదు, గుట్ట మీద పది నిమిషాల్లో బయటపడింది. కొత్త గ్యాస్కెట్ డబ్బు నా జేబులోంచే, రెండు రోజుల పని ఉచితం. టైమింగ్ మళ్ళీ మార్కు దగ్గరికే తెచ్చా. రేడియేటర్‌ని కూడా ఇంజన్ వెనక నుంచి తీసి, సీటు పక్కన గాలి తగిలే చోటికి మార్చి రేకుతో గాలి దారి చేశా, పైపులతో కలిపి 1,400.

బరువు. రోల్ కేజ్ పైపు ఒక్కటి కూడా ముట్టుకోలేదు, ముట్టుకోను కూడా. బండి బోల్తా పడితే ప్రాణం నిలిపేది అదే. కానీ ముందు ఒక యాంగ్లర్ బంపరు, వెనక ఇంకొకటి, పాదాల కింద మందపాటి ఇనుప ప్లేటు, వాడని టో హుక్కు, స్టెప్నీ, పాటల కోసం రెండో బ్యాటరీ. తోటలో నడిచే బండికి స్టెప్నీ దేనికి? గదుల దగ్గర పెట్టుకోమన్నా. ప్లేటు తీసి అల్యూమినియం చెక్కర్డ్ షీటు ముక్క పరిచాం, అది షెడ్డులోనే పడుంది. 80 కిలోలు దిగింది. కటింగు వీల్సుకి 400 అయితే, పాత ఇనుము అమ్మితే 1,500 వచ్చింది, అంటే ఈ పనికి ఎదురు డబ్బిచ్చారు. పరుగు 6.3 సెకన్లు.

చివరిది టైర్లు, ఇక్కడే తమ్ముడితో అసలు పోట్లాట. 205/70 ఆర్15 టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు. ఈ గేర్‌బాక్స్ ఏ టైరు కోసం చేసింది? 145/70 ఆర్12, ఎత్తు 508. టైరు ఎంత పెద్దదైతే నేల మీద తోసే బలం అంత తగ్గుతుంది, ఇక్కడ 24 శాతం, ప్రతి గేరులోనూ. అంటే ఫస్ట్ గేరు వేసినా అది ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య ఎక్కడో ఉన్నట్టు. “చిన్న టైర్లు వేస్తే బండి ఆటో మాదిరి ఉంటాదన్నా, ఫొటోలకు ఎవరు ఎక్కుతారు?” అన్నాడు. ఆయన వ్యాపారం ఆయనది, ఆ మాటలోనూ న్యాయం ఉంది. కింద రాళ్ళు తగలకుండా ఎత్తూ కావాలి. మధ్యే మార్గంగా సెకండ్ హ్యాండులో 13 అంగుళాల రిమ్ములు, 155/80 టైర్లు, ఎత్తు 578. పాతవాటి కంటే తోసే బలం 15 శాతం పైన పెరుగుతుంది, కింద క్లియరెన్స్ 45 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అందులో కొంత షాకబ్జర్బర్ పై మౌంటింగు మార్చి తిరిగి తెచ్చుకున్నాం. ఆ గ్యాస్ కటింగ్ అడాప్టర్లు పీకి పారేసినందుకు నాకు విడిగా సంతోషం, వాటిని చూసినప్పుడల్లా కడుపులో తిప్పేది. నాలుగు టైర్లు రిమ్ములతో 9,600, జిప్సీ టైర్లు అమ్మితే 6,000, చేతి నుంచి పడింది 3,600.

5.4 సెకన్లు.

సామాన్లకు మొత్తం 17,500, నా కూలి 6,000, 23,500 దగ్గర బిల్లు ఆగింది. కొన్న క్రమంలో కాకుండా లాభం క్రమంలో రాయమంటే ముందు కేబుల్, బ్రేకులు, డిస్ట్రిబ్యూటర్ రాస్తా, తర్వాత బరువు, టైర్లు, ఆ తర్వాత వాల్వులు. మీ బండిలో ఈ క్రమం వేరేగా ఉండొచ్చు, రెండో సిలిండర్ 104 కాకుండా 60 ఉండుంటే వాల్వు పనే మొదటికి వచ్చేది. అందుకే ఒక్కో విడత పని అయ్యాక వెంచర్‌కి పోయి కొలవడం, అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో మీకూ తెలీదు, డబ్బిచ్చినవాడికీ చెప్పలేరు.

రెండో ఆదివారం ఉదయం ఆరింటికే తోటకు పోయాం. వంకలో ఇసుక కోసం వెనక టైర్లలో గాలి 12 పీఎస్ఐకి దించా. ఇద్దరితో సెకండ్ గేరులోనే ఎక్కింది. ముగ్గురితో ఎక్కింది, మూడోవాడు వెనక పైపు పట్టుకుని నిలబడితే తిట్టి దింపా. పది సార్లు ఎక్కి దిగాక ప్లగ్గులు తీసి చూస్తే లేత ఇటుక రంగు, టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే.

పదకొండోసారి ఎత్తు మధ్యలో ఇంజన్ రేజ్ పెరిగింది గానీ బండి వేగం పెరగలేదు. క్లచ్ జారుతోంది. ఇన్నాళ్ళూ ఇంజన్ లాగకపోయినా ప్రతి ఎత్తులో సగం తొక్కి పట్టి దాన్ని కాల్చారు, ఇప్పుడు లాగుడు వచ్చేసరికి పట్టు చాలడం లేదు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు కలిపి 2,400 చెప్పారు, బడ్జెట్లో మిగిలింది 1,500. తోతాపురి కోత అయ్యాక డబ్బు వస్తుంది, అప్పుడు వేద్దాం అన్నాడు తమ్ముడు. అప్పటిదాకా బండిలో ఇద్దరే, ఫస్ట్ గేరులోనే ఎక్కాలని చెప్పి, స్టీరింగ్ పక్కన పెయింటుతో రాసి వచ్చా. క్లచ్ సెట్టు మాత్రం ముందే తెప్పించి పెట్టా, అల్మారాలో ఉంది.